మావ అన్న మాట నాది

మా వీధి చివర ఉండే పద్మజ అనే అమ్మాయికి ఈమధ్య హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. పిల్లల కార్టూను బొమ్మల కంపెనీలో. అచ్చం నేను చేసిన ఉద్యోగమే. "తాతగారూ, ఆ పనేటో కాస్త సెప్పండి, అక్కడికెల్లి తెల్లమొకం ఎయ్యకుండా" అని అడిగింది. నోటితో చెప్పడం మొదలుపెడితే మధ్యలో తిట్లు దొర్లుతాయని రాసిస్తున్నాను.

రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది, దాచడం ఎందుకు? ఒక ఎలుగుబంటి బొమ్మకి తెలుగులో పెట్టిన పేరు నేను చెప్పిందే. ఆ పేరుతోనే ఆ బొమ్మ ఇన్నేళ్లు బతికింది. కానీ లోకమంతా ఆ పేరు మా బావ పెట్టాడనుకుంటోంది. కాదు, నాదని ఒక్క మనిషి ఒప్పుకుంటే చాలు. అది వినాలని ఉద్యోగం చేసినన్నాళ్లూ ఎదురు చూశాను, రిటైరయ్యాక కూడా చూస్తున్నాను.

బొమ్మని కౌలుకివ్వడం

నేను బొమ్మలమ్మేవాడినని మా ఊళ్లో అనుకునేవారు. ఇంటికొస్తే "మా గుంటకి ఒక బొమ్మట్టుకు రాలేదేటి?" అని అడిగేవారు. నేను బొమ్మలమ్మలేదమ్మా, కౌలుకిచ్చాను. శ్రీకాకుళం జిల్లాలో మా ఉద్దానం వైపు కొబ్బరితోట ఉన్నవాడు ఏం చేస్తాడు? చెట్టు నాది, కాయ నువ్వు దింపుకో, నా వాటా నాకియ్యి అంటాడు. మా పనీ అంతే. బొమ్మ కంపెనీది. బ్యాగులు కుట్టేవాడు, నీళ్ల సీసాలు చేసేవాడు, బిస్కెట్ల వాడు ఆ బొమ్మ వేసుకుని సరుకు అమ్ముకుంటారు. కౌలుదారు చెట్టు మొవ్వు నరికెయ్యకుండా చూసుకున్నట్టు, మేం బొమ్మ మొహం చెడకుండా చూసుకోవాలి. చెవి ఎంతుండాలి, ముక్కు ఏ రంగు, నవ్వితే పళ్లు కనిపించాలా వద్దా, అన్నిటికీ లెక్కుంటుంది. దాన్ని కాదని గీత కూడా గియ్యనివ్వకూడదు.

చేరిన కొత్తలో ఒక ఫ్యాక్టరీ ఆయన కుందేలు బ్యాగు శాంపిల్ తెచ్చాడు. కళ్లు రెండూ కాస్త దగ్గరికి జరిగాయి. ఏముందిలే అని ఒప్పుకున్నాను. సరుకంతా దుకాణాలకు వెళ్లాక ఒకచోట ఒక పాప ఆ బ్యాగు చూసి, "అమ్మా, వీడు నన్ను తిడుతున్నాడు" అని గుక్కపెట్టింది. నేను పక్కనే ఉన్నాను. వంగి చూస్తే నిజమే, ఆ కుందేలు మనల్ని తిడుతున్నట్టే ఉంది. అప్పటి నుంచి ఏ శాంపిల్ వచ్చినా ముందు ఒక పిల్లకో పిల్లాడికో చూపించేవాణ్ణి, ఆ తర్వాతే మా బాసుకి. పద్మజా, నువ్వూ అలాగే చెయ్యి. ఆఫీసులో నవ్వితే నవ్వనీ.

ఢిల్లి బావ

మా బావ పేరు ఢిల్లేశ్వరరావు. మా మేనత్త కొడుకు. నాకంటే కాస్త పెద్ద. ఇద్దరం ఒకే ఊళ్లో పెరిగి, టెక్కలిలో ఒకే కాలేజీలో చదివాం. హైదరాబాదులో నేను కుదురుకున్నాక మా కంపెనీకి ఇంకో మనిషి కావలసి వచ్చాడు. బావని వెంటబెట్టుకుని బాసు దగ్గరికి తీసుకెళ్లింది నేనే. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. నా చేతులతో నేనే తీసుకెళ్లి నిలబెట్టాను. 

మా బాసు మెహతా గారు బొంబాయి మనిషి. నా పేరు కామేశ్వరరావు. అది ఆయన నోరు తిరిగేది కాదు. ఒకరోజు కమలేశ్ అనేవారు, ఇంకోరోజు కామత్ అనేవారు, పని తొందరలో ఉంటే "ఆ సన్నటాయన" అనేవారు. బావని చూసి పేరేమిటని అడిగితే "ఢిల్లీ, సార్" అన్నాడు. మెహతా గారు కుర్చీలో వెనక్కి వాలి పగలబడి నవ్వారు. "ఢిల్లీ వచ్చి బొంబాయి కింద పనిచేస్తుందన్నమాట!" అన్నారు. అంతే, ఆ పేరు ఆయనకి జన్మంతా గుర్తుంది. నేను అన్నేళ్లు పనిచేసి సంపాదించలేనిది బావ తన పేరు చెప్పి సంపాదించేశాడు. మనిషి పేరు చూసి కూడా కుళ్లుకోవచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

బావ పని చెయ్యడని నేననను. చేస్తాడు. కానీ నేను ముందురోజే కాగితాలు సర్దుకుని వెళ్లిన చోటికి అతను చేతులూపుకుంటూ వచ్చి, ఆ వ్యాపారి ఇంటావిడ చేత కాఫీ పెట్టించుకుని, పని పూర్తి చేసుకుని వెళ్లిపోయేవాడు. కాగితాలు నా దగ్గర, కాఫీ అతని దగ్గర. చూస్తుంటే ఒళ్లు మండిపోయేది.

ఎలుగు అనకూడదు

ఒక ఏడు కంపెనీ కొత్త బొమ్మ దింపింది. బొద్దుగా, పసుపు పొట్టతో ఒక ఎలుగుబంటి పిల్ల. బొంబాయిలో దానికి టుబ్లూ అని పేరు పెట్టారు. బడులు తెరిచే ముందు బ్యాగులు అన్ని ఊళ్లకూ వెళ్లాయి. టెక్కలిలో బాగానే పోయాయి. కాశీబుగ్గ దుకాణం నుంచి మాత్రం కబురొచ్చింది: ఉద్దానం వైపు నుంచి వచ్చినవాళ్లు ఒక్కరూ కొనడం లేదు, సరుకు వెనక్కి తీసుకోండి అని. "మీ జిల్లాయే కదా, ఇద్దరూ వెళ్లి సంగతేమిటో చూడండి" అన్నారు మెహతా గారు.

దుకాణంలో మేం నిలబడి ఉండగానే ఒక తల్లి పిల్లని తీసుకుని వచ్చింది. ఆ పిల్ల పసుపు పొట్ట చూసి చెయ్యి చాపింది. తల్లి ఆ చెయ్యి లాగేసింది.

"ఎలుగుబంటి బేగేటి బాబూ! అది తగిలించుకుని నా పిల్ల జీడితోటల్లోంచి ఇస్కూలుకెల్లాలా? మీకేటైనా మతి పోనాదా?"

నాకు తల తీసేసినట్టయింది. బొంబాయి వాళ్లకి తెలియదంటే అర్థముంది. ఉద్దానంలో పుట్టిన వాళ్లం, మా ఇద్దరికీ ఏమైంది? మా తోటల్లో ఎలుగులు తిరుగుతాయి. జీడిపళ్ల కాలంలో మరీను. తెల్లారి జీడిపిక్కలు ఏరడానికి వెళ్లి మొహం చీరించుకున్నవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. హైదరాబాదులో కూర్చుని ముక్కు రంగు చూశాం, చెవి కొలత చూశాం, అది ఎలుగుబంటి అన్న సంగతి మాత్రం చూడలేదు.

ఆ సాయంత్రం తిరుగు బస్సులో నాకు మా మేనత్త గుర్తొచ్చింది. బావ వాళ్లమ్మే. ఆవిడ తోటలో ఎలుగు అన్న మాట అననిచ్చేది కాదు. మా ఊళ్లో ఎవరూ అనరు. పేరెత్తితే వస్తుందని. "మావ" అంటారు. పొదలు కదిలితే మా అత్త చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, "మావొత్తన్నాడు, దారియ్యండి" అని మా ఇద్దర్నీ పక్కకి లాగేది. చుట్టాన్ని పిలిచినట్టు పిలిస్తే చుట్టంలాగే ఊరుకుని పోతాడని ఆవిడ నమ్మకం.

"బావా," అన్నాను, "దీనికి మావ అని పేరెడితేనో?"

బావ కిటికీలోంచి చూస్తున్నాడు. "ఏటి బావ, ఎలుగుతోటి సుట్టరికం కలిపీసినావేటి?" అని నవ్వాడు. వేరుశనగ పొట్లం నా ఒళ్లో పడేసి కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడనే అనుకున్నాను.

గదిలోకి వచ్చిన మావ

హైదరాబాదులో మీటింగు. నేను జిల్లా పటం మీద తోటలున్న ఊళ్లకి ఆకుపచ్చ, లేని ఊళ్లకి ఎరుపు వేసి తెచ్చాను. ముందు పటం, తర్వాత అమ్మకాలు, తర్వాత ఎలుగుల సంగతి, చివర్లో పేరు. అలా వరసగా చెప్పి ఒప్పించాలని నా ఆలోచన. "సరే, ఏమిటి సంగతి?" అన్నారు మెహతా గారు. నేను పటానికి కట్టిన తాడు విప్పుతున్నాను. ముడి బిగుసుకుంది.

బావ లేచాడు. "సార్, మా వైపు దాన్ని ఎలుగు అనరు" అన్నాడు. అని ఊరుకున్నాడా? వీపు వంచి, పాదాలు లోపలికి తిప్పి, ముక్కుతో బుస్సు బుస్సుమంటూ బల్ల చుట్టూ నడిచాడు. మెహతా గారి కుర్చీ వెనక్కి వెళ్లి ఒక్కసారిగా మా అత్త గొంతుతో "మావొత్తన్నాడు! దారియ్యండి!" అని అరిచాడు. మెహతా గారు రెండు కాళ్లూ కుర్చీ మీదికి ఎత్తేసుకున్నారు. గదిలో నవ్వని వాణ్ణి నేనొక్కణ్ణే. నా ముడి ఇంకా ఊడలేదు.

బయటికొచ్చాక బావని వరండాలో పట్టుకున్నాను. "అది నేను బస్సులో సెప్పిన మాట బావా."

"నువ్వు సెప్పినావు. మాయమ్మ రోజూ అనీది. ఊరంతా అంటాది. అందులో నీదేటి, నాదేటి బావ?"

"మరి నన్ను సెప్పనియ్యలేదేం?"

"నువ్వు సెప్తావనే సూసినాను. నువ్వు తాడిప్పుతున్నావు."

ఆ జవాబులో అబద్ధం లేదు. అందుకే ఇప్పటికీ దాన్ని క్షమించలేదు. నేను చెప్పి ఉంటే ఆ మాట ఒక రిపోర్టయ్యేది. మెహతా గారు "ఆలోచిద్దాం" అని ఇంకో పనిలో పడేవారు. బావ ఎలుగుని గదిలోకి తోలుకొచ్చాడు. ఇది నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపు మంట చల్లారుతుందా? పద్మజా, నీకు చెప్పేది ఒకటే. మంచి మాట తట్టిన వెంటనే నోరు తెరువు. పటం తర్వాత విప్పొచ్చు.

తర్వాతి ఏడు బ్యాగుల మీద "మావొచ్చాడు, దారివ్వండి" అని అచ్చేశారు. కాశీబుగ్గ దుకాణంలో మళ్లీ అదే తల్లి కనిపించింది. "మావ బేగా? అయితే ఇయ్యి బాబూ. మావని ఈపునెట్టుకెల్తే తోటలో మావ ఏటనడు" అంది. కొని పిల్ల భుజానికి తనే తగిలించింది. పేరు ఎవరు పెట్టారో చెబుదామని నేను గొంతు సవరించుకునే లోపే దుకాణదారు "ఈ పేరు ఢిల్లి గారు పెట్టినారమ్మా, మనోడే" అనేశాడు.

ఇంట్లో కూడా నాకు దిక్కులేదు. మా అమ్మాయికి బావ వరసకి మావయ్య. బొమ్మ మావ, మనిషి మావయ్య, ఇంకేం కావాలి? పుట్టినరోజు కేకు మీద ఎలుగు ఎవరిదంటే "ఢిల్లి మావయ్యది" అనేది. వరసలు కూడా అతనికే కలిసొచ్చాయి. ఆ లెక్కన బావ కొడుక్కి నేనూ మావనే కదా. వాడు పుట్టినప్పటి నుంచీ నన్ను అంకుల్ అనే అంటాడు.

పొట్లం మీది మొహం

పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి మమ్మల్ని అడక్కుండా పప్పు పొట్లాల మీద మావ బొమ్మ వేశాడు. చెవులు నిక్కబొడిచి పిల్లిలా ఉంది. నోటీసు పట్టుకుని నేనే వెళ్లాను. ఆయన కూర్చోబెట్టి, వేయించిన పప్పు పెట్టి, నోటీసు చదివించుకున్నాడు.

"ఏటండి, మావ మీ కంపెనీ సొత్తా? మా తాత మావనే అనీవోడు. మా మావని మీరు బొంబాయి నించి కొనుక్కొచ్చీసినారా?"

ఊరందరి మాటని నాదని ఇన్నేళ్లూ నేను చేస్తున్న గొడవ కూడా అదే గొడవ. మొహం మాది, అది మార్చండి, మాట మీ ఇష్టం అన్నాను. ఒప్పుకున్నాడు. తలపాగా చుట్టి, మీసాలు పెట్టి వేరే ఎలుగుని గీయించుకున్నాడు. పోట్లాట లేకుండా తేల్చుకొచ్చిన పని అది, నాకు ఇప్పటికీ గర్వమే. లేచి వస్తుంటే గుమ్మం దాకా వచ్చి, "అయినా ఢిల్లి గారెట్టిన పేరు గదండి, ఆయనేటీ అనుకోరు" అన్నాడు. పప్పు తింటున్నంతసేపూ తాతదైన మాట, చెప్పులు తొడుక్కునేసరికి బావదైంది. నాది మాత్రం కాలేదు.

బేగు బేగే

ఈ పనిలో భయపడవలసిన రోజులు కూడా ఉంటాయి. ఒక ఎండాకాలం ఉద్దానం తోటల్లో ఎలుగు ఒక రైతుని గాయపరిచింది. ఆ వార్త విన్నప్పటి నుంచి "మావని ఈపునెట్టుకెల్తే ఏటనడు" అన్న ఆ తల్లి మాట చెవిలో మోగుతూనే ఉంది. ఆ ధైర్యంతో ఏ పిల్లనైనా ఒంటరిగా తోటలోకి పంపిస్తే? మనం అమ్మేది గుడ్డ మీద రంగు అనుకుంటాం. కొనేవాళ్లు నమ్మకం కొనుక్కుంటారు. దానికి జవాబుదారీ మనదే.

బ్యాగుకి జాగ్రత్త చీటీ ఒకటి కట్టాలని మెహతా గారితో పోట్లాడాను. అమ్మకాలు పడిపోతాయన్నారు. పడిపోనివ్వండి అన్నాను. ఆయన ఎదుట గొంతు పెంచింది ఆ ఒక్కసారే. చివరికి చీటీ కట్టారు. మాటలన్నీ నావే. బ్యాగు కొన్నవాళ్లు మొట్టమొదట చేసే పని ఆ చీటీ తెంపి పారెయ్యడం.

బావ ఏం చేశాడు? బడులు తెరవగానే సెలవు పెట్టి, ఊరూరా బడికి వెళ్లాడు. పిల్లల్నీ తల్లుల్నీ కూర్చోబెట్టి ముందు ఎలుగు నడక నడిచి నవ్వించాడు. తర్వాత నవ్వు ఆపి, "ఒలమ్మా, ఇనండి. బేగు బేగే, మావ మావే. బేగుని సూసి మావ ఆగడు. పిల్లల్ని ఒంటిగా తోటల్లోకి పంపితే నా మీదొట్టే" అన్నాడు. ఆ ఒట్టు వాళ్లు తెంపి పారెయ్యలేదు. భయం నాకు వేసింది, పోట్లాట నేనాడాను, దండాలు మాత్రం అతనికి.

పలాసలో

ఇప్పుడు ఇద్దరం రిటైరయ్యాం. నేను పలాసలో ఉంటున్నాను, బావ ఊళ్లో తోట దగ్గర. బావకి కిడ్నీలు పోయాయి. ఉద్దానంలో వీధికి నలుగురికి ఉన్న జబ్బే ఇది; మా వైపు ఈ మాట చెబితే ఎలా అని ఎవరూ అడగరు, ఎప్పటి నుంచి అని అడుగుతారు. డయాలసిస్‌కి పలాస రావాలి. వాళ్లబ్బాయి టెక్కలిలో దుకాణం పగలు వదల్లేడు. అందుకని నా కారులో నేనే తీసుకెళ్లి తీసుకొస్తాను.

ఆసుపత్రిలో కూడా అదే వరస. గుమ్మంలో కనబడగానే సిస్టరమ్మ "మావగారొచ్చీసినారు, దారియ్యండి" అంటుంది. లోపలున్న వాళ్లంతా నవ్వుతారు. వెనకాల ఫ్లాస్కు, దుప్పటి, మందుల సంచి మోసుకుంటూ నేను. నాకు ఎవరూ దారివ్వరు. మంచంలో పడి, చేతికి సూదులు గుచ్చుకుని ఉన్న మనిషిని చూసి కుళ్లుకునేవాడు ఉంటాడా అంటే, ఉంటాడు. ఇదిగో, రాస్తున్నాడు.

మొన్న పక్క మంచం సావిత్రమ్మ అడిగింది. కొబ్బరితోటల మనిషి, ఆవిడదీ అదే జబ్బు. "మావగారూ, ఆ పేరు మీకెలగ తట్టినాదండి?"

బావ కథ ఎత్తుకోబోయి నా వైపు చూశాడు. నా మొహంలో ఏం కనిపించిందో తెలియదు. "ఆ మాట నాది కాదు సావిత్రమ్మా" అన్నాడు. "ఇదిగో, ఈ బావది. బస్సులో ఈడే సెప్పినాడు. నాను నిద్దరోతున్నట్టు పడుకుని ఇన్నాను. ఈడు సెప్పబోయీలోపు నానే సెప్పీసినాను."

నా చెవులు నేను నమ్మలేదు. ఇన్నేళ్లకి! అందరి ఎదుటా! ఫ్లాస్కు కింద పెట్టాను. చొక్కా సర్దుకున్నాను. అందరూ నా వైపు తిరుగుతారని నిలబడ్డాను.

సావిత్రమ్మ కళ్లు తుడుచుకుంది. "ఎంత మంచోరండి మావగారూ! కారెట్టుకుని తిప్పుతున్నాడని, ఆయనకి మీ పేరు కూడా ఇచ్చీత్తన్నారు."

"నిజమేనమ్మా, ఒట్టు!" అన్నాడు బావ.

"సాల్లెండి. మీ మనసు మాకు తెలీదేటి?" అంది సిస్టరమ్మ.

బావ ఒట్ల మీద ఒట్లు వేశాడు. వేసిన కొద్దీ వాళ్లకి అతని మీద ప్రేమ పెరిగిపోయింది. ఆఖరికి నా మొహం చూసి అతనికి నవ్వు ఆగలేదు. మంచం ఊగింది, మిషను కుయ్యిమంది. సిస్టరమ్మ పరుగెత్తుకొచ్చి నన్ను కసిరింది. "మీరు బయటికెల్లండి సార్, ఆయన్ని నవ్వించకండి."

బావని ఊళ్లో దింపడానికి కారు తీశాను.

"సెప్పినాను గదా బావ," అన్నాడు బావ, "నమ్మకపోతే నానేటి సెయ్యను?"

"నువ్వు సెప్పిన తీరు అలగుంది. ఏడిపించీలాగ సెప్పినావు."

"అయితే ఈసారి నువ్వే సెప్పు."

"నేను సెప్తే ఎవులు నమ్ముతారు?"

బావ తల అద్దానికి ఆనించి కళ్లు మూసుకున్నాడు. సూదులు గుచ్చిన చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ చెయ్యి బాగా సన్నబడింది. ఊరి దారి పట్టాక నాకు ఒక సంగతి తట్టింది. మావ అన్న మాట నాదని లోకంలో తెలిసినవాడు ఒక్కడే. ఆ ఒక్కడూ నా పక్క సీట్లో ఉన్నాడు.

కారు వేగం తగ్గించాను. గతుకు వస్తే ఇంకా తగ్గించాను.

"ఏటి బావ, ఈ నెమ్మదేటి? బేగి పోనీ. ఎండెక్కిపోతంది" అన్నాడు, కళ్లు తెరవకుండానే.

"నోర్ముయ్యి" అని, మెల్లగానే పోనిచ్చాను.